ఇప్పుడే పోసింది

రోడ్డు మీద ధర్నాకు కూర్చునే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు. పొద్దున తాగిన టీయే టీ. మళ్లీ ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టరు. మగవాళ్లు ఏ గోడ చాటుకో పోతారు, మనం ఎక్కడికి పోతాం? సమ్మె రోజుల్లో నేనూ అంతే, గొంతు ఎండితే నీళ్లు పుక్కిలించి ఊసేదాన్ని. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ పద్ధతినే మూడేళ్లు నిండని పిల్ల మీద కూడా పెట్టాను.

పిల్ల మా అక్క కూతురు. వనస్థలిపురంలో మా ఇల్లు ఒక వీధిలో, అక్కవాళ్ల ఇల్లు పక్క వీధిలో. నేను సర్కారు బడిలో టీచర్ని. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు, బడులు బంద్, బస్సులు బంద్. అక్కది ప్రైవేటు కొలువు కాబట్టి ఆమెకు సమ్మె లేదు. రోజూ పొద్దున పిల్లను నా దగ్గర దింపి, షేర్ ఆటో పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసుకు పోయేది. ఆ రోజు పిల్లతో పాటు ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కూడా ఇచ్చింది.

"రాత్రి నుంచి విరేచనాలైతున్నయ్. అయినప్పుడల్లా జర జర తాపియ్యి. ఇంట్లనే ఉంటవు కదా?"

"ఉంట తీయ్, నువ్వు పో," అన్నాను.

ఉండలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ రోజు వంటా వార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఆడ టీచర్ల తరఫున నన్ను మైకులో మాట్లాడమన్నారు. పదేళ్ల ఉద్యోగంలో నన్ను మాట్లాడమన్నవాళ్లు లేరు. రెండు గంటల్లో వచ్చేద్దాంలే అనుకుని, పొట్లం పర్సులో పడేసి, పిల్లను చంకనేసుకుని బయలుదేరాను.

కూర్చున్న కాసేపటికే పిల్ల నీళ్లడిగింది. సీసా మూత తీసి ఒక్క గుక్క తాగించి లాక్కున్నాను.

"చాలు బంగారం. ఒంటేలొస్తే ఏడికి పోదాం?"

పర్సులో ఉన్న పొట్లం గుర్తుకు రాలేదని అనను. వచ్చింది. అది కలిపి తాపితే పిల్లను మాటిమాటికీ ఎక్కడికి తిప్పాలన్న ఆలోచన కూడా దాని వెంటే వచ్చింది. తర్వాత ఆగి ఉన్న ఒక లారీ వెనక మరోసారి విరేచనం అయింది. సీసాలో మిగిలిన నీళ్లు కడగడానికి సరిపోయాయి. మళ్లీ నింపుకుని రాలేదు.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పిల్లను పక్కనున్న టీచరు ఒళ్లో వేసి ఐదు నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు. తిరిగొచ్చి చూస్తే పిల్ల కళ్లు సగం మూసుకుని కదలకుండా పడుకుని ఉంది.

"ఎంత బుద్ధిమంతురాలు. ఒక్కసారి కూడ ఏడ్వలే," అంది ఆ టీచరు.

నేను మురిసిపోయాను. చీటికిమాటికి ఏడ్చే పిల్ల ఏడవడం మానేస్తే, ఎందుకు మానేసిందని అడగాలి కదా. పిల్లలకు పాఠాలు చెప్పే ఇద్దరు ఆడవాళ్లం, ఇద్దరికీ ఆ బుద్ధి పుట్టలేదు.

ఇల్లు చేరేసరికి మూడు. పై వాటాలో కిరాయికి ఉండే ఆంటీ గేటు దగ్గర ఎదురైంది. వాళ్లది కోస్తా. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు, ఆమె పెళ్లికి ముందు నర్సుగా పనిచేసింది. ఒకప్పుడు కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఉద్యమం ముదిరాక ఒకరోజు డాబా మీద బట్టలారేస్తూ మీవాళ్లు, మావాళ్లు అని మాటా మాటా అనుకున్నాం. ఎక్కువ అన్నది నేనే. అప్పటి నుంచి ముక్తసరి పలకరింపులే.

ఆమె పిల్ల మొహం చూసి ఆగింది.

"పాపకి ఒంట్లో బాలేదా అండీ?"

"ఏం లేదు. జర మోషన్స్ అయినయ్."

"ఆఖరుసారి పాస్ ఎప్పుడు పోసింది?"

నా చేతికొచ్చాక పోయలేదు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. మీ ఉద్యమం కోసం పసిపిల్లను ఎండలో కూర్చోబెట్టారా అంటుందని భయం. ఆమె అనేది కాదు. నేనైతే అనేదాన్ని.

"ఇప్పుడే పోసింది. దారిల పోయించిన," అన్నాను.

ఆమె మొహం తేలికపడింది. "అయితే పర్లేదండి. నిద్రమత్తేమో. కొంచెం కొంచెంగా ఏదో ఒకటి తాగిస్తూ ఉండండి," అని మెట్లెక్కి పోయింది.

లోపలికి వెళ్లి పిల్లను మంచం మీద వేశాను. నేను బాత్రూమ్‌కి వెళ్లొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. తర్వాత టీవీ పెట్టి, నా మాటలు వార్తల్లో వస్తాయేమోనని గంటన్నర సేపు ఛానళ్లు తిప్పాను. మధ్యలో ఒకసారి పిల్ల నిక్కరు తడిమి చూస్తే పొడిగా ఉంది. విరేచనాలు కట్టాయని సంతోషించాను. నిద్రపోనీలే అని లేపలేదు.

చివరికి లేపబోతే తల వాలిపోయింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పెదాలు అంటుకుపోయి ఉంటే వేలితో విడదీశాను. ఏడుపు మొహం పెట్టింది, సన్నగా గొంతు వచ్చింది, కంట్లో నీటిచుక్క లేదు. పిల్లను ఎత్తుకుని పై వాటాకు పరిగెత్తాను.

ఆంటీ పిల్ల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు, మడత పెట్టిన బట్టలా అట్లాగే నిలబడింది. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఇప్పుడే పోసిందన్నారు కదండీ?"

ఆమె ఇంకో మాట అడక్కుండా చెప్పులేసుకుంది. ఆయన స్కూటర్ తీశారు. చౌరస్తాలో ఇంకా జనం ఉన్నారని కాలనీల సందుల్లోంచి కొత్తపేట దాకా తీసుకుపోయారు. ఒకే స్కూటర్ మీద ముగ్గురం, నా ఒళ్లో పిల్ల.

దవాఖానలో డాక్టరు కూడా మొదట అదే అడిగాడు. ఆంటీ నా పక్కనే ఉంది.

"పొద్దుగాల ఎప్పుడో. నా దగ్గరికొచ్చినంక పోయలే," అన్నాను.

నరం దొరక్క నర్సు మూడుసార్లు సూది గుచ్చింది. పిల్ల చెయ్యి లాక్కోలేదు. అరిచి గోల చేస్తే బాగుండునని ఆ రోజు కోరుకున్నంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు అక్క వచ్చింది. ఆమె వచ్చిన కొద్దిసేపటికి పిల్ల మంచం తడిపింది. ఆ తడి దుప్పటి రెండు చేతులా పట్టుకుని అక్క ఏడ్చింది. "ఏమైంది, ఎట్లయింది?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆంటీ అందుకుంది.

"మీ చెల్లెలుగారు కనిపెట్టి వెంటనే తీసుకొచ్చారండి. ఇంకో గంట ఆగుంటే చాలా కష్టమయ్యేది."

నా పరువు కాపాడడానికి అన్నదో, ఆ స్థితిలో అక్కకు ఇంకో దెబ్బ ఎందుకని అన్నదో తెలియదు. నేను నోరు మూసుకున్నాను. మరుసటి ఏడు ఆంటీవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తుంటే గేటు దాకా వెళ్లాను. థాంక్స్ చెప్పలేదు. చెబితే దేనికో కూడా చెప్పాలి కదా.

అప్పటి నుంచి మా చుట్టాల్లో నేను పిల్లను బతికించిన చిన్నమ్మను. ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తుతారు, నేను ప్లేటులోకి చూస్తూ తింటాను. రోడ్డు మీద కూర్చున్నందుకు నాకు బాధ లేదు, మళ్లీ కూర్చోమన్నా కూర్చుంటాను. కానీ ఇప్పుడే పోసిందన్న ఆ ఒక్క మాట నన్ను వదలదు.

పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. మొన్న ఎండాకాలం అక్క ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి బావ తమ్ముడి కోడలు తొమ్మిది నెలల బాబునెత్తుకుని అత్తగారితో కలిసి వచ్చింది. బాబుకు వాంతులు, విరేచనాలు. ఆమె ఊరుకోబెడుతుంటే మా పిల్ల అంది, "చిన్నమ్మకు చూపియ్యి వదినా. నన్ను బతికిచ్చింది ఆమెనే."

బాబు నాలుక ముట్టుకుంటే జిగటగా ఉంది. "ఒంటేలు ఎప్పుడు పోసిండు?" అని అడిగాను.

ఆ అమ్మాయి వాళ్ల అత్తగారి వైపు ఒకసారి చూసింది. "ఇప్పుడే పోసిండు అత్తమ్మా. ఇప్పుడే డైపర్ మార్చిన."

ఆ చూపు, ఆ తొందర నాకు తెలుసు. గట్టిగా అడిగితే ఇంకా గట్టిగా అదే చెబుతుంది, నేనూ అంతే చేసేదాన్ని.

"నిజం చెప్పు బిడ్డా, ఎవరేమనరు," అని మా పిల్ల వైపు చెయ్యి చూపించాను. "దీన్ని ఎండల కూసోబెట్టి, నీళ్లియ్యకుండ, ఇప్పుడే పోసిందని అబద్ధం చెప్పింది నేనే. బతికిచ్చింది పై వాటా ఆంటీ."

ఆ అమ్మాయి ఈసారి అత్తగారి వైపు చూడలేదు.

"రాత్రి పోసిండు. తెల్లారినంక పోయలే," అంది మెల్లగా.

మా పిల్ల లేచి బండి తాళాలు తెచ్చింది. "పా వదినా, దవాఖానకు పోదాం," అంది. నా మొహం చూడలేదు.

బాబు సాయంత్రానికి తేరుకున్నాడు. అట్లాంటి కబురేదైనా ఉంటే పిల్ల ముందు నాకే ఫోన్ చేసేది. ఈసారి అక్క చెబితే తెలిసింది.