వీరాయమ్మ చేతికి తెలిసిన కోటు

అమలాపురంలో గల్ఫు ఏజెంటు సత్యదుర్గారావు గారి ఆఫీసు మేడమీద ఉంది. ఆ రోజు పొద్దున్నే అక్కడికి తొమ్మిదిమంది కుర్రాళ్ళు వచ్చారు. ఉన్నది మాత్రం ఒకే ఒక్క కోటు.

దోహాలో ఒక పెద్ద హోటలుకి, గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళని పలకరించే మనుషులు ఇద్దరు కావాలి. లోపలి గదిలో కంప్యూటరు తెరమీద హోటలాయన చూస్తుంటాడు. ఒక్కొక్కరే ఆ కోటు తొడుక్కుని లోపలికెళ్ళి, కూర్చుని, నాలుగు ముక్కలు మాట్లాడి రావాలి. కోటంటే మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకులు వేసుకునే రకం కాదు. ఒక రెక్క మీదకి ఇంకో రెక్క అడ్డంగా వచ్చి కప్పేది, రెండు వరసల బొత్తాలది.

ఉప్పలగుప్తం నుంచి వచ్చిన వీరాయమ్మ గోడవారన బల్లమీద కూర్చుంది. కొడుకు సురేంద్రది నాలుగో నంబరు. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలంటే ఆవిడ వచ్చింది. ఎవరూ రమ్మనకపోయినా ఆడపడుచు వెంకటరమణమ్మ కూడా ఇడ్లీల డబ్బాతో సహా బయల్దేరి వచ్చింది.

మొదటివాడు మూడు నిమిషాల్లో బయటికొచ్చాడు. రెండోవాడికి అంతసేపు కూడా పట్టలేదు.

"కూర్చోగానే మొహం చిట్లించేడండీ," అన్నాడు మూడోవాడు నాగబాబు, కోటు విప్పుతూ. "ఉక్కగా ఉందని బొత్తాలు తీసేను. అంతే, థాంక్యూ అనేసేడు."

ఆ ముగ్గురికీ ఉద్యోగం ఎందుకు తప్పిపోయిందో వీరాయమ్మకి తెలుసు. ముగ్గురూ బొత్తాలన్నీ కిందదాకా పెట్టేశారు. లోపలి రెక్క మాత్రం జారి, చీరకింద లంగా కనబడ్డట్టు వేలాడుతోంది. తెలిసినా పైకి చెప్పడానికి లేదు.

ఎందుకంటే ఊళ్ళో ఆవిడ చెప్పిన కథ వేరు. మొగుడు ఎర్రయ్య కొబ్బరికాయల దింపుకెళ్ళి చెట్టుమీంచి పడి నడుం విరిగినప్పుడు సురేంద్రకి ఆరేళ్ళు. అప్పుడే ఆవిడ కువైట్ వెళ్ళింది. ఇళ్ళల్లో పనికి పోయిన ఆడదాన్ని గురించి ఊరు ఊరికే ఉండదు కదా. అందుకని, "ఆడపిల్లల హాస్టల్లో వంట. మగపురుగన్నది ఉండదు," అని చెప్పింది. మొగుడు మంచంలోనే పోయాడు. ఆయనకీ, కొడుక్కీ కూడా అదే నిజం. పదకొండేళ్ళు చేసి వచ్చాక వెంకటరమణమ్మ ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా ఆ మాట మారలేదు.

"నాలుగో నంబరు, రండి బాబూ," అన్నారు సత్యదుర్గారావు గారు. కోటు అందించి, "బొత్తాలన్నీ పెట్టేయండి. ఊడిపోయినట్టుంటే ఏం బాగుంటుంది?" అని సలహా కూడా ఇచ్చారు.

సురేంద్ర కోటు తొడుక్కుని బొత్తాలన్నీ పెట్టేశాడు. లోపలి రెక్క కిందకి జారనే జారింది.

"ఒరే, లోపల ఇంకో బొత్తాం ఉంటుందేమో చూడరా," అంది వీరాయమ్మ మెల్లిగా.

"లోపలెందుకుంటుందమ్మా? నీకేం తెలుసు, ఊరుకో." ఇదీ పోతే తండ్రిలాగా చెట్లెక్కడమే అని వాడికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

లోపలినుంచి పిలుపు వచ్చింది. వాడు తలుపుమీద చెయ్యి వేశాడు.

"ఆగరా!"

వీరాయమ్మ లేచి కొడుకు ఎదురుగా నిలబడింది. బొత్తాలన్నీ టకటకా ఊడదీసింది. చూడకుండానే బొటనవేలు కోటులోపలికి పోనిచ్చి, చాటున ఉన్న బొత్తాన్ని పట్టుకుంది. ముందు దాన్ని పెట్టి లోపలి రెక్కని నిలబెట్టింది. ఎడమరెక్కని దానిమీదకి తెచ్చి నడుం దగ్గర బొత్తాం ఒక్కటే పెట్టి, దాని కిందది వదిలేసింది. చొక్కా చేతులు అరంగుళం బయటికి లాగింది. అంతా కలిపి రెప్పపాటు పని.

గదిలో వాళ్ళంతా ఆవిడ చేతులకేసే చూశారు.

"ఏమే వీరాయీ," అంది వెంకటరమణమ్మ. "ఆడపిల్లల హాస్టల్లో కోట్లెవరేసుకునేవారే?"

వీరాయమ్మ చేతులు కొడుకు భుజాలమీదే ఉండిపోయాయి. వాడు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

"హాస్టలు లేదు వదినా," అంది ఆవిడ. "లెబనాను నుంచొచ్చిన ముసలాయన ఇల్లు. బాబా అనేవాళ్ళం. ఆయనకి కుడిచెయ్యి పడిపోయింది. పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే కోటు నేనే తొడిగేను." తర్వాత కొడుకుతో, "కూర్చున్నా సరే, బొత్తాం తియ్యకు. వెళ్ళు," అంది.

వాడు లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఈ మాట విన్న కంగారులో వాడికి నోట మాట రాకపోతే? ఇన్నేళ్ళు దాచినదాన్ని ఇప్పుడే వాడి నెత్తిన పడేశానే అని ఆవిడ చీరకొంగు నలిపేసింది. వెంకటరమణమ్మ డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఒక్క ఇడ్లీ కూడా తినలేదు.

తలుపు తెరుచుకుంది. సురేంద్ర బయటికొచ్చాడు. బొత్తాం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మెడికల్‌కి రమ్మన్నారమ్మా," అన్నాడు. "కోటు తొడుక్కోడం ఎవరు నేర్పేరని అడిగేడు."

"ఏం చెప్పేవురా?"

"మా అమ్మ కువైట్‌లో ఇదే పని చేసిందని చెప్పేను."

వాడు కోటు తనే విప్పుకోలేదు. చిన్నప్పుడు చొక్కా విప్పించుకోడానికి నిలబడ్డట్టు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ముందు పైబొత్తాం, తర్వాత లోపలిది తీసింది. ఈసారి తొందరపడలేదు.

"పిన్నిగారండీ, నాకూ కాస్త తొడుగుదురూ," అన్నాడు ఐదో నంబరు కుర్రాడు.

వీరాయమ్మ ఆడపడుచు వైపు చూసింది.

"నాకేసి చూస్తావేం? పిలుస్తున్నాడుగా, వెళ్ళు," అంది వెంకటరమణమ్మ. అంటూనే పక్కకి జరిగి, తనూ దగ్గరికి వంగింది. "ఆ లోపలి బొత్తాం ఎక్కడుందే? నన్నూ చూడనీ."