కరెంటు పోయినా రాసింది ఉండాలె

బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో నేను ప్రోగ్రాములు రాసేదాన్ని. వాళ్లకు కొత్త కంప్యూటర్లు వచ్చిన ఏడాది, పాత మిషన్‌ను నిజామాబాద్‌లో మా చర్చి వాళ్లు ఆడవాళ్లకు, పిల్లలకు టైపు నేర్పడానికి నడిపే శిక్షణ కేంద్రానికి ఇచ్చేశారు. దానితో పాటు నన్నూ పంపేశారనే చెప్పాలి. ఆ మిషన్ తప్ప ఈమెకు వేరేది రాదని మా మేనేజర్ అభిప్రాయం. కోపం వచ్చింది కానీ, ఆయన అన్నది అప్పటికి నిజమే.

ఆ మిషన్ చిన్న బీరువా అంత ఉండేది. దానికి తీగలతో తగిలించిన కొన్ని తెరలు, కీబోర్డులు. ఎంతమంది కూర్చుని టైపు చేసినా అందరి పనీ ఆ ఒక్క బీరువాలోనే జరిగేది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టంను హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. ఆ కంపెనీ మూతపడింది. మూసేముందు అక్కడెవరో మంచిమనిషి సిస్టం మూల ప్రోగ్రాం మొత్తాన్ని ఫ్లాపీల మీద ఎక్కించి, ఇకమీద మార్పులు మీరే చేసుకోవాలని చెప్పి ఫ్యాక్టరీకి పంపాడు. అక్కడ ఎవరికీ పట్టలేదు. ఆ ఫ్లాపీల డబ్బా నేను అడిగి తెచ్చుకున్నాను.

కేంద్రంలో నాకు తోడు ఒక అన్న ఉండేవాడు. బస్టాండు వెనక టీవీలు బాగుచేసే దుకాణం ఆయనది. బీరువా మూత విప్పి చూడాలన్న సరదాతో వచ్చి, మెల్లగా ప్రోగ్రాములు చదవడం కూడా నేర్చుకున్నాడు. కేంద్రం బాధ్యత పాస్టరమ్మది. ఒకరోజు ఆమె మా ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఈ మిషన్‌ను ఏం చేయదలచుకున్నారో తేల్చమంది.

"ఇంటర్నెట్ పెట్టాలె అమ్మ," అన్నాడు అన్న. "పిల్లలు గదే అడుగుతున్నరు. గది లేకుంటే ఇంక రెండేండ్లకు మన దగ్గరికి ఎవరు రారు."

నాకు తెలుగు కావాలి. ఆ సిస్టంకు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప తెలియవు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి అప్పటికే 'అ' నుంచి 'ఱ' దాకా గీసిపెట్టుకున్నాను. "తెలుగు రాని మిషన్ మీద మన ఆడోళ్లు ఏం నేర్సుకుంటరన్న?" అన్నాను. ఆయన తన మాట మీద ఆయన, నా మాట మీద నేను. చాయ్ చల్లారిపోయింది.

పాస్టరమ్మ కాసేపు విని, "మీరున్నది ఇద్దరు. రెండు పనులు ఒక్కసారి కావు," అంది. "దాని ముందల కూసునేటోళ్లను అడిగిండ్రా?"

అడగలేదు. అడగాలని మాకు తోచనే లేదు.

ఆ వారంలోనే అడగకుండానే జవాబు దొరికింది. ఎడపల్లి నుంచి బస్సులో వచ్చి టైపు నేర్చుకునే ఒక అక్క ఉండేది. వాళ్లది చెరుకు వేసే ఇల్లు. ప్రాక్టీసుకు ఏదో ఒకటి టైపు చేసుకోమంటే ఆమె ఇంట్లో అవ్వ చెప్పే కబుర్లు ఎక్కిస్తోంది. నిజాంసాగర్ కాలువ తవ్వేటప్పుడు అవ్వ చిన్నపిల్లట. తట్టల్లో మట్టి మోసిన కూలీల వెంట తిరిగిందట. రాత్రి విన్నది పొద్దున వచ్చి, తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసేది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చాక మిషన్ డిస్కునంతా చాలాసేపు వెతుక్కుంది. చివరికి చూస్తే అక్క ఫైలు లేదు. ఆ రోజుది కాదు, మొదటినుంచి రాసిందంతా పోయింది.

"మల్ల టైపు చెయ్యక్క, ప్రాక్టీసు అయితది," అన్నాను.

"మల్లెట్ల చేస్త మేడం? అవ్వ నిన్న చెప్పింది ఇయ్యాల యాదికుండది." ఆమె నల్లటి తెర వైపే చూస్తూ కూర్చుంది.

"తెలుగు అక్షరాలు పెడదామని చూస్తున్న. గప్పుడు నీకు మంచిగుంటది."

"ఏ అక్షరాలైతేంది మేడం. రాసింది ఉండాలె గద."

ఆ సాయంత్రం నా గళ్ల కాగితాలను సంచీలో పెట్టి కట్టేశాను. మర్నాడు అన్నకు చెప్పాను, ముందు ఈ పనే చేస్తున్నామని. కరెంటు పోయినా రాసింది ఉండాలి. అది అయ్యేదాకా తెలుగూ లేదు, ఇంటర్నెట్టూ లేదు.

"ఇంత కష్టపడితే బయటికి కనవడేది ఏముంది చెల్లె?" అన్నాడు ఆయన. "చూసెటోళ్లకు మిషన్ గట్లనే ఉంటది."

"గట్లనే ఉండనీ."

పెద్ద బ్యాటరీ పెట్టించే స్తోమత మాకు లేదు. ప్రోగ్రాం చదివితే సంగతి తెలిసింది. వేగం కోసం, టైపు చేసినదాన్ని సిస్టం చాలాసేపు తన జ్ఞాపకంలోనే ఉంచుకుని తీరిగ్గా డిస్కు మీద రాస్తోంది. ఫ్యాక్టరీలో జనరేటర్ ఉండేది కాబట్టి అక్కడ చెల్లింది. వెంటవెంటనే రాసేలా మార్చాను. మిషన్ ఎడ్లబండిలా నడిచింది, అందరూ విసుక్కున్నారు. అయినా వెనక్కి తీసుకోలేదు.

పరీక్షించడానికి ఒకటే దారి, నడుస్తున్న మిషన్‌కు స్విచ్ ఆపేయడం. "డిస్కు పోతే ఇంకోటి దొరకది," అని అన్న చేయి అడ్డం పెట్టాడు. చేయి పక్కకు జరిపి నేనే ఆపాను. ఫైలు పోయింది. మళ్లీ మార్చాం, మళ్లీ పోయింది. చివరకు తప్పు పట్టుకున్నది అన్నే. ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తును సిస్టం ముందుగా మారుస్తోంది, అసలు రాతను తర్వాత దించుతోంది. మధ్యలో కరెంటు పోతే గుర్తు ఒకచోట, రాత ఇంకోచోట. వరుస తిప్పేశాం. ముందు రాత, తర్వాత గుర్తు. స్విచ్ ఆపి మళ్లీ వేసినప్పుడు ఫైలు నిలిచింది. అన్న నమ్మక మరోసారి తనే ఆపాడు. అప్పుడూ నిలిచింది.

వానాకాలం మొదట్లో ఓ గాలివానకు కరెంటు పోయింది. వచ్చాక అక్క తన ఫైలు తెరిచింది. చివరి వాక్యం సగం పోయింది, మిగతాదంతా ఉంది. ఆ సగం వాక్యం పూర్తిచేసి ముందుకు వెళ్లింది. పోయిన మొదటి భాగాన్ని అవ్వ మళ్లీ చెప్పిందా అని తర్వాత అడిగాను. "చెప్పింది మేడం, గని వేరే తీరు చెప్పింది. గదే రాసిన," అంది.

మరుసటి ఏడాది తెలుగు పెట్టాం. ఒత్తులు కొన్ని చివరిదాకా వంకరగానే వచ్చాయి. ఇంటర్నెట్ పెట్టలేకపోయాం. అన్న తన దుకాణంలో టీవీలు తీసేసి కొత్త కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. మా విద్యార్థులు కొందరు అటు వెళ్లారు. ఆయన మాత్రం ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు.

తర్వాత డిస్కు మూలగడం మొదలుపెట్టింది. ఆ సిస్టంకు చేయవలసిన పనులు ఇంకా ఎన్నో మిగిలున్నాయి, వంకర ఒత్తులతో సహా. అన్నీ వదిలేద్దామని నేనే అన్నాను. మిగిలిన సమయం ఒక్క పనికే పెట్టాం. అందులో ఎవరు రాసింది వాళ్లకు కొత్త కంప్యూటర్లలో తెరుచుకునేలా బయటికి తీయాలి. మా చర్చి హాస్టల్ వార్డెన్ టైపు చేసుకున్న ప్రశ్నపత్రాలు, అక్క కాలువ కబుర్లు, ఎవరివో తెలియని సగం ఉత్తరాలు, అన్నీ తీశాం.

మిషన్‌ను లారీ ఎక్కించిన రోజు పాస్టరమ్మ గది ఊడ్పించింది. మర్నాడు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటి గురించి నాకేమీ తెలియదు. వాటితో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకుని మొదటి పేజీ తెరిచాను.