హాంబుర్గ్‌లో దాపరికం లేని సభ

శనివారం ఉదయం ఏడూ నలభైకి వోల్ఫ్స్‌బర్గ్‌లో రైలెక్కాం, నేనూ, మా ఆఫీసులో టెస్టింగ్ చేసే అజువా. అజువా ఘానా మనిషి. పైకి చెప్పుకోని జబ్బుల గురించి హాంబుర్గ్‌లో ఆఫ్రికా వాళ్ళు సభ పెట్టారు. తనకు మూర్ఛ ఉందని అక్కడ తనవాళ్ళ ముందు చెప్పబోతోంది, తోడు రమ్మంది. నాకూ మూర్ఛే. ఈ దేశంలో ఆ సంగతి మా డాక్టరుకూ అజువాకూ మాత్రమే తెలుసు. మా ఆయన కిరణ్‌తో నా మాత్రలు విటమిన్లని చెప్పాను. ఆ మహానుభావుడు నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాడు. సోమవారం మొదటి క్లాసు. డాక్టరేమో స్టీరింగ్ ముట్టుకోవద్దంది.

హానోవర్‌లో రైలు మారాలి. జర్మన్ రైళ్ళు టైముకు వస్తాయని మనవాళ్ళు ఇంకా చెప్పుకుంటున్నారు. మాది నలభై నిమిషాలు లేటు. మాస్కుల కాలం కదా, ముద్దముద్దకూ మాస్కు దించుతూ ఎక్కిస్తూ నేను తెచ్చిన పులిహోర తిన్నాం. ఎదుటి సీటు ముసలావిడ మా నోళ్ళనే చూస్తూ కూర్చుంది.

పన్నెండు దాటాక చేరాం. స్టేషన్ నుంచి సిటీ రైల్లో పావుగంట. చర్చి వెనక హాలు, గోడకు "దాపరికం వద్దు" అని పెద్ద బ్యానరు. దాని కిందే కరోనా ఫారం. ఎవరికైనా సోకితే కబురు చేయడానికి పేరూ ఫోన్ నంబరూ రాయాలి. నా ముందున్న నలుగురూ మారుపేర్లు రాశారు. వాళ్ళ అసలు పేర్లు అజువా నా చెవిలో చెప్పింది. దాపరికం వద్దనే సభకు ఎంత నిజాయితీపరులు వచ్చారో! నా వంతు రాగానే నేనూ నాది కాని పేరే, లక్ష్మి అని రాశాను.

ఉపన్యాసాలు గంటన్నర. షుగరు గురించి అందరూ మహా ధైర్యంగా మాట్లాడారు, అది మర్యాదస్తుల జబ్బు. మిగతావాటి ప్రశ్నలన్నీ "మా స్నేహితురాలికి" అనే మొదలయ్యాయి. అన్ని రోగాలూ స్నేహితురాళ్ళవే అయితే వాళ్ళనే పంపకుండా వీళ్ళెందుకు వచ్చినట్టు?

అప్పుడు అజువా లేచింది. పదహారేళ్ళప్పుడు ఘానాలో వాళ్ళ ఊరు కుమాసీలో, చర్చిలో పడిపోతే, నోటి నురగ తగిలితే అంటుకుంటుందని తనను ఎవరూ ముట్టుకోలేదంది. అధ్యక్షుడు ఆమె సొంత మేనమామ. ఆయన మైకు లాక్కుని, అమ్మాయి అలసిపోయింది, ప్రార్థన చేద్దామన్నాడు.

అజువా మైకు లేకుండానే మాట్లాడింది.

"అలసిపోలేదు మామా. నాకు మూర్ఛ. మా అమ్మకూ ఉండేది. మీ అక్కకు."

పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టాడు. ఒకరిద్దరే కళ్ళు మూసుకున్నారు. భోజనాల దగ్గర ఆయన ప్లేటు పట్టుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి డాక్టరు నంబరు అడిగారు, మళ్ళీ స్నేహితురాళ్ళ కోసమే. ఒక్కావిడ మాత్రం తనకే అంది. ఆ అన్నం, వేయించిన అరటికాయ బాగున్నాయి గానీ నేను ప్లేటు పక్కన పెట్టేశాను. మా వరంగల్‌లో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టి, దాన్నే వైద్యమంటారు. అలాంటి చోటి నుంచి వచ్చి పొద్దుటి నుంచీ వీళ్ళను వెక్కిరిస్తున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

నాలుగున్నరకు తిరుగు రైలు. సోమవారం ఏం చేస్తావని అజువా అడిగింది. దగ్గు అని చెబుతాను, ఈ రోజుల్లో దగ్గంటే చాలు, ఎవరూ దగ్గరికి రానివ్వరు అన్నాను.

"మరి ఆ పై సోమవారం?" అంది.

ఊయెల్‌ట్సెన్ స్టేషన్ దాటాక కిరణ్ ఫోన్ చేశాడు. ఎప్పటికి వస్తావు, కుక్కర్ పెట్టనా అని.

"కిరణ్, అవి విటమిన్లు కావు. నాకు ఫిట్స్ ఉన్నై, చిన్నప్పటి సంది. నేను కారు నడపొద్దు."

అటువైపు కుక్కర్ మూత కింద పెట్టిన చప్పుడైంది.

"నువ్వు ట్రైన్లనే ఉన్నవ్ గదా," అన్నాడు గొంతు తగ్గించి. "పక్కన మనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

లేరన్నాను. ఉన్నా ఇంతే గట్టిగా చెప్పేదాన్నన్నాను.