నోరీన్ యాభై మీటర్లు

పోయిన జూలైలో, మా ఈత క్లబ్బు కార్యదర్శి డెస్ కాలి బొటనవేలి మీద ఇరవై కిలోల ఇనుప బిళ్ల పడింది. వేలు చితికింది, గోరు ఊడింది. చేతిలో ఉన్న సాసేజి రొట్టె మాత్రం కింద పడలేదు. బిళ్ల జార్చింది నోరీన్ టకర్. "అక్కడ నిలబడొద్దని చెప్పానా లేదా డెస్?" అని, బిళ్లను మళ్లీ బరువులెత్తే కడ్డీకి ఎక్కించుకుని, ఎత్తాల్సిన మిగతాసార్లు ఎత్తేసింది.

నోరీన్‌కు డెబ్బై ఒకటి. ఇరవైల వయసులో రాష్ట్ర పోటీల్లో యాభై మీటర్లు ఈదిన రోజుల్లో ఆమె ఇనుము ముట్టలేదు. పొద్దస్తమానం నీళ్లలో నానడమే సాధన. తర్వాత న్యూకాసిల్ కబేళాలో గొర్రెల కళేబరాలు మోసింది. పని మానేశాక ఒళ్లు కరిగిపోయింది. సముద్రం ఒడ్డు రాళ్లలో కట్టిన మా ఈత కొలనులోకి ఎగసిన ఓ అల ఆమెను గోడకేసి కొట్టి తుంటి విరిచింది. అది అతుక్కున్నాక ఈత తగ్గించి బరువులు పట్టుకుంది. కండతో పాటు తిట్లూ పెరిగాయి.

మా ఆదివారం పందెంలో అందరూ దాదాపు ఒకేసారి గోడ చేరేలా నెమ్మదివాళ్లు ముందు దూకుతారు, వేగంవాళ్లు చివర. ఎవరి సమయం వాళ్లే చెప్పాలి. చెప్పినదానికన్నా వేగంగా ఈదితే ఆ రోజు లెక్కలోంచి తీసేస్తారు. నోరీన్ ప్రతివారం పాత సమయమే చెప్పేది, ప్రతివారం దాన్ని దాటేసేది.

"కావాలనే అబద్ధం చెప్తున్నావు," అన్నాడు డెస్.

"నేను నిజమే చెప్తున్నా. చేతులే వినడం లేదు."

"అయితే ఈసారి చివర్న బ్రేడన్‌తో దూకు. వాడికి పది మీటర్లు వెనకబడ్డావా, ఇక పందేలు మానేసి చిన్న కొలనులో నడుచుకునే ఆడవాళ్లతో కలువు."

బ్రేడన్ రగ్బీ ఆడేవాడు, కండల్లో మెడ కనిపించదు. "బామ్మగారూ, కట్టుడు పళ్లు తీసి దూకండి," అన్నాడు.

"నీ పళ్లు కూడా తియ్యమంటావా?"

ఆ ఆదివారం గడియారం పట్టుకుని నేను గోడ మీద ఉన్నాను. మా కొలనులో వరసలను విడదీసే తాళ్లు ఉండవు. దూకగానే అల గోడ దాటి వచ్చి ఇద్దర్నీ ఒకరి మీదికి ఒకర్ని విసిరింది. బ్రేడన్ పిడికిలి ఆమె ముక్కు మీద పడింది. ఆమె మోచెయ్యి వాడి పక్కటెముకల్లో దిగింది. నోరీన్ ఈత కళ్లద్దాలు ఊడిపోయాయి, ముక్కులోంచి రక్తం కారింది. ఆమె ఆగలేదు. చివరి పది మీటర్లలో వాడు వెనకనుంచి ఆమె మడమ పట్టి లాగాడు. పొరపాటున తగిలిందని ఇప్పటికీ అంటాడు. ఆమె కాలు విదిలించింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

గోడను ముందు తాకింది నోరీనే. గట్టు మీదికి వాలి, పొద్దున తిన్నదంతా కక్కేసింది.

బ్రేడన్ చీలిన కనుబొమ్మ అదిమి పట్టుకుని పైకి వచ్చాడు. "చూశావుగా డెస్, మొహం మీద తన్నింది. ఈవిడను పందేల్లోంచి తీసేయాల్సిందే."

డెస్ ఏం చెప్తాడా అని అందరం చూస్తున్నాం.

నోరీన్ మూతి తుడుచుకుంది. "నా ముందుండుంటే తగిలేది కాదుగా, నాయనా."