సగం గ్లాసు సారు

జగన్మోహన్ గారికి ఎవరు గ్లాసుడు మంచినీళ్ళిచ్చినా సగమే తాగుతారు. మొదటి సగం జేబులోంచి తీసిన చిన్న సీసాలో పోసి, మూత బిగించి, సంచిలో వేసుకుంటారు. రెండో సగం తాగి, "మంచిగ చల్లగున్నయమ్మా" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్నవాళ్ళకు సంతోషించాలో కోప్పడాలో తెలియదు.

ఆయన విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఆయన లాబులో ఒక చవక పరీక్ష తయారైంది. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. మంచినీళ్ళు రెండు రోజులైనా రంగు మారవు, మురుగు కలిసినవైతే కాటుకలా నల్లబడతాయి. చదువు పుస్తకాల్లో అచ్చయి ఊరుకుంటే లాభం లేదు, గల్లీలోకి దిగాలని విశ్వవిద్యాలయం అశోక్‌నగర్ హాస్టళ్ళ సంఘంతో ఒప్పందం రాసుకుంది. ఒప్పందం హాస్టళ్ళతోనే అయినా, సారు మాత్రం చేతిలో గ్లాసున్న ప్రతి మనిషితోనూ రాసుకున్నట్టే నడుచుకుంటారు.

"నల్లా కాడి నీళ్ళు ఎవరన్న చూస్తరు. నోటి కాడికొచ్చిన నీళ్ళు చూడాలె" అన్నది ఆయన సిద్ధాంతం.

చిక్కడపల్లిలో ఓ గుడికి వెళ్ళి, మొదటి ఉద్ధరిణె తీర్థానికి చెయ్యి చాపి, రెండోదానికి సీసా చాపారు. పూజారి నోట్లో మంత్రం ఒక్క క్షణం ఆగింది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగా లేదు కాబోలు అనుకుని, పాపం, ఆయన సీసా నిండా పోశారు.

నారాయణగూడలో మేనల్లుడి పెళ్ళిచూపులు. అమ్మాయి నీళ్ళ గ్లాసులు పట్టుకొచ్చింది. అందరూ అమ్మాయిని చూస్తుంటే సారు గ్లాసును చూశారు. సీసా నింపుతుంటే పిల్ల తండ్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు. రెండు రోజుల తర్వాత సారు ఫోన్ చేసి, ఏ వంకా లేదని చెప్పారు. నీళ్ళ సంగతి అని ఆయన వివరించేలోపే అవతల మిఠాయిలు పంచేశారు. అదృష్టం కొద్దీ మేనల్లుడికీ పిల్ల నచ్చింది కాబట్టి సరిపోయింది.

ఈ మనిషిని అందరికంటే ఎక్కువ భరించింది అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే రాజకుమారి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలతో ఆమె మూడంతస్తుల ఇల్లు కిటకిటలాడుతుంటుంది. ఎదురింట్లో అలాంటి హాస్టలే నడిపే బుచ్చిబాబు ఒప్పందం మీద సంతకం పెట్టాడని విని, అతనికంటే పెద్ద అక్షరాలతో పెట్టింది. అప్పటినుంచి సారు వారం వారం ప్రత్యక్షం.

"పోయిన వారమే నింపుకపోయిన్రు గద సారూ. మా నీళ్ళ మీద మీకేం పగ?" అని ఆమె అడిగితే, ఆయన నవ్వి సీసా మూత తీస్తారు.

పరీక్షలు పదిహేను రోజుల్లోకి వచ్చాయి. తన్మయి అనే పిల్ల కడుపునొప్పితో చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళడం మానేసి మంచమెక్కింది. రోడ్డు మీద మిర్చిబజ్జీలు తింటే ఇంతేనని రాజకుమారి కేకలేసింది. ఆ సాయంత్రమే సారు వచ్చి, ఆమెతో విడిగా మాట్లాడాలన్నారు. ఈసారి రెండు రోజుల కింద ఆ ఇంట్లోనే నింపిన సీసా సంచిలోంచి బయటికొచ్చింది. నల్లగా ఉంది.

రాజకుమారి ముందు గది తలుపు వేసింది. మిర్చిబజ్జీలను అనవసరంగా తిట్టానని ఒక బాధ, దాని వెనకే కొండంత భయం.

"ఈ ముచ్చట గల్లీల పడితే పిల్లలు పెట్టెలు సర్దుకొని ఎదురింటికి పోతరు సారూ. నేను ఖతం."

"ఏ ముచ్చటమ్మా? నేనెవరికి చెప్పిన?" అన్నారు సారు. "ఇప్పటిసంది కాచిన నీళ్ళియ్యిన్రి. అడిగితే, పరీక్షల ముంగట జలుబు చెయ్యొద్దని అనున్రి. తన్మయిని డాక్టరుకు చూపియ్యిన్రి. మిగతాది నాకిడిసిపెట్టున్రి."

ఆదివారం సారు విద్యార్థులను వెంటేసుకుని దిగారు. ఒప్పందంలో భాగంగా గల్లీలోని అన్ని హాస్టళ్ళ సంపులూ టాంకీలూ కడుగుతామని ప్రకటించి, బుచ్చిబాబు ఇంటి నుంచే మొదలుపెట్టారు. రాజకుమారి వంతు మధ్యలో ఎక్కడో వచ్చింది. ఆమె సంపు గోడ పగిలి పక్కనున్న మురుగు పైపు నీరు ఊరుతోంది. ఎవరికీ అనుమానం రాకుండా మేస్త్రి చేత అన్ని సంపులకూ ఎంతో కొంత సిమెంటు మెత్తించారు.

పని అయ్యాక రాజకుమారి సారును అడిగేసింది. నీళ్ళు మంచిగున్న ఇళ్ళల్లో, గుళ్ళో, పెళ్ళిచూపుల్లో కూడా ఈ సీసాల గోల ఎందుకని.

"అనుమానమున్న ఇంట్లనే సీసా తీస్తే, నేనెక్కిన మెట్లు చూసి గల్లీ అంత తెలుసుకుంటది గదమ్మా. అందరింట్ల తీస్తే నాకే పిచ్చి అనుకుంటరు. అది నయం."

"మరి పరీక్ష కాకముందే మిగిలిన సగం తాగుతరేంది?"

"ఇచ్చిన నీళ్ళు తాగకుంటే చిన్నబోతరు."

కడుపు సంగతేమిటని అడిగితే, అది తన భార్యను అడగాలని చెప్పి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ ఈయన్ను చూసి గేటు వేసుకుందామనుకున్నందుకు రాజకుమారికి సిగ్గేసింది.

దీపాలు పెట్టే వేళకు బుచ్చిబాబు వచ్చాడు. ఎప్పుడూ గేటు బయటే మీసం దువ్వే మనిషి, ఇప్పుడు గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అక్కా, సారు మా ఇంటికెళ్ళే ఎందుకు మొదలుపెట్టిండు? మా నీళ్ళు ఖరాబున్నయని నీకేమన్న చెప్పిండా? నువ్వు ఎవరికీ అనకు. పిల్లలు పోతే నేను రోడ్డున పడత."

ఎదురింటివాడు దొరికాడు. రాజకుమారి ఏమీ అనక్కర్లేదు, తల ఒక్కసారి పంకిస్తే చాలు, ఏడాదిపాటు అతను తలెత్తడు. ఆమెకు ఆ ఆశ పుట్టకపోలేదు. కానీ సారు తన ఇంట్లో తాగిన సగం గ్లాసులన్నీ ఆ సంపులోవేనన్న సంగతి గుర్తొచ్చింది.

"నీయి కాదు తమ్మీ. నాయి," అంది.

ఆమె కట్టుకున్న కోట కూలడానికి బుచ్చిబాబు గల్లీలోకి వెళ్ళి ఒక్క మాటంటే చాలు. అతను సంపు వైపు, పొయ్యి మీద కాగుతున్న గంగాళం వైపు చూశాడు.

"సిమెంటు ఆరేదాంక ఎంతమందికని కాస్తవక్కా? పొద్దుగాల మా ఇంటికెళ్ళి రెండు డ్రమ్ములు పంపిస్త."

"ఎవరన్న అడిగితే?"

"మా టాంకీ నిండి పొర్లుతుందని చెప్త."

రాజకుమారి కళ్ళు తుడుచుకుని టీ పెట్టింది. బుచ్చిబాబు కప్పులోకి ఒకసారి అనుమానంగా చూశాడు. ఆమె చూస్తోందని గమనించి, గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఇంకో కప్పు అడిగాడు.