ఎండ్రకాయ పాఠం

కొవిడ్ తగ్గి కళాశాలలు మళ్లీ తెరుచుకున్న ఏడు, నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో నన్ను ఇంగ్లిష్ ట్యూటర్‌గా వేశారు. ట్యూటర్ అంటే లెక్చరర్ కంటే ఒక మెట్టు కింద. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చూపించరు, పని మాత్రం చూపిస్తారు. నాకు చూపించిన పని వైద్య పదాలు.

వాటిలో చాలావాటికి గ్రీకు మూలాలుంటాయి. ఒక్కో పదాన్ని కోసి చూపాలి: 'నెఫ్రోస్' మూత్రపిండం, 'ఐటిస్' వాపు, కలిపితే నెఫ్రైటిస్. మూలాలకంటే ముందు నేను గ్రీకు అక్షరమాల నేర్పేవాణ్ణి. సిలబస్‌లో లేదు, అక్షరం తెలిస్తే పదమంటే భయం పోతుందని నా పద్ధతి. తెలుగులోలాగే గ్రీకులోనూ 'ఒ'కు ఒక అక్షరం, 'ఓ'కు వేరే అక్షరం. ఇంగ్లిష్ మీడియం వాళ్లు అక్కడ తడబడితే, బోధన్ పల్లెల తెలుగు మీడియం పిల్లలు తలెత్తకుండా రాసుకునేవారు.

మూలాలు గుర్తుండడానికి కోతలు కోసేవాణ్ణి. 'కార్కినోస్' అంటే ఎండ్రకాయ. పుండు చుట్టూ ఉబ్బిన నరాలు దాని కాళ్లలా కనిపించాయని పాతకాలపు గ్రీకు వైద్యులు క్యాన్సర్‌కు ఆ పేరు పెట్టారు; డాక్టర్లు వాడే 'కార్సినోమా' దాన్నుంచే వచ్చింది. ఇంతవరకు నిజం. వాళ్లలో ఒకడు బెల్లం తినడానికి బోధన్ దాకా వచ్చి, మంజీరలో కాళ్లు కడుక్కుంటుంటే ఎండ్రకాయ బొటనవేలు పట్టుకుందనీ, వాడి కేక డిచ్‌పల్లి దాకా వినిపించిందనీ నా చేర్పు.

స్వరూప అనే విద్యార్థిని ఈ పాఠాలు ఇంట్లో గట్టిగా చదివేది. తండ్రి ఎల్లయ్య, మూతపడ్డ చక్కెర మిల్లులో పాకం కాసిన మనిషి, పక్కన కూర్చుని కూతురితో పాటు అప్పజెప్పేవాడట.

ఆ చలికాలం ఎల్లయ్య కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరాడు. రోగం పేరు రోగికి చెప్పకపోవడం మా వైపు ఆనవాయితీ. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ మంచం పక్కనే నిలబడి జూనియర్‌తో ఇంగ్లిష్‌లో 'కార్సినోమా' అనేసి ముందుకు సాగాడట. నేను చూడడానికి వెళ్తే స్వరూప వార్డు తలుపు దగ్గరే ఆపింది.

"సార్, బాపు ఉత్త గడ్డ అనుకుంటుండు. మందులతోటి కరుగుతదని చెప్పిన. మీరు నోరు జారకుండ్రి. తెలిస్తే తిండి బంద్ జేస్తడు."

ఆమె చాయ్ కోసం కిందికి వెళ్లగానే ఎల్లయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"సార్, మీ ఎండ్రకాయ నన్నే వట్టింది గదా?"

నేను స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"డాక్టర్ సాబ్ నోట్లకెల్లి రాంగనే సమజైంది. మా పోరికి చెప్పకుండ్రి. నాకు తెల్వదనుకుంటెనే అది రెండు బుక్కలు తింటది."

స్వరూప చాయ్‌తో వచ్చింది. "ఏం ముచ్చట వెట్టిండ్రు బాపూ?"

"ఏముంది బిడ్డా. మీ సారు బొంకుతుండు, నేను వింటున్న."

"ఆయన గట్లనే బొంకుతడు," అని నవ్వింది. ముగ్గురం చాయ్ తాగాం.

ఎండాకాలం రాకముందే ఎల్లయ్య పోయాడు. చివరిదాకా తండ్రీ కూతుళ్లు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. ఇద్దరి మాటా నేను దాటలేదు. ఆయన కూతురితో ఏమైనా చెప్పుకోవాలనుకున్నాడేమో, అది చెప్పే దారి లేకుండానే వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగం మానేసేదాకా, ప్రతి కొత్త బ్యాచ్‌కూ అక్షరమాలకంటే ముందు ఒక నియమం రాయించాను: మంచం మీదున్న మనిషికి మన భాష రాదనుకుని తలాపున నిలబడి మాట్లాడకూడదు. పరీక్షలో అది ఎప్పుడూ అడగలేదు.