ఫ్రిజ్ మీద ముప్పై ఏడు డిగ్రీలు

2003 జూన్‌లో పంజగుట్టలోని ఒక ప్రైవేటు పరిశోధనశాలలో సీనియర్ సైంటిస్టుగా చేరాను. సూక్ష్మజీవుల విభాగం మొత్తం నా కింద ఉండేది. మొత్తమంటే బ్యాక్టీరియా గొట్టాలను కావలసిన వేడిలో ఉంచి ఊపే షేకర్లు రెండు, ఒక పాత ఫ్రిజ్, సరిత అనే ప్రాజెక్టు అసిస్టెంటు. నల్లగొండ వైపు అమ్మాయి, ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో మేనమామ ఇంట్లో ఉండేది.

మేము చూస్తున్నది బ్యాక్టీరియాలోని ఆర్‌ఎన్‌ఏ మీట. ఆర్‌ఎన్‌ఏ అంటే ప్రోటీన్ తయారు చేయమని జన్యువు పంపే చీటీ అనుకోండి. చల్లగా ఉన్నంతసేపూ ఆ చీటీ మొదలు తన మీద తానే మడతపడి, చదవాల్సిన చోటును దాచేస్తుంది. మనిషి ఒంటి వేడి తగిలితే మడత విడి, ప్రోటీన్ తయారవుతుంది. రోగక్రిమి మన ఒంట్లోకి చేరానని కనిపెట్టే దారుల్లో ఇదొకటి. ఆ మీటకు రంగు తెచ్చే జన్యువు తగిలించాం. ముప్పై డిగ్రీల్లో పెంచితే రంగు రాకూడదు, ముప్పై ఏడులో పసుపు రావాలి. ఆ ఊహ నాదేనని సెమినార్లలో చెప్పేవాణ్ణి. సరితది.

షేకరు నుంచి తీసిన గొట్టాలు వెంటనే ఐసులోకి వెళ్ళాలి. కానీ పదకొండింటికి నా గదిలో టీ. నేను పెట్టిన ఆచారం, ఎవరూ తప్పకూడదు.

"సార్, జర ఆగుండ్రి. గివి ఐసుల పెట్టొస్త," అనేది సరిత.

"ఏంటమ్మా, ల్యాబులో ఏసీ ఉంది. ఈ చలికి మీ మీట తెరుచుకుంటుందా?" అని గొట్టాల స్టాండు అందుకుని ఫ్రిజ్ మీద పెట్టేవాణ్ణి. పది నిమిషాల టీ నా విదేశీ అనుభవాలతో ముప్పావుగంట సాగేది. విదేశమంటే, ఒకే ఒక్కసారి, వారం రోజులు.

మూడుసార్లు చేసినా ముప్పై డిగ్రీల గొట్టాలు సైతం పసుపెక్కాయి. గొట్టాలు కలిపేశావన్నాను. "నేను కలపలే సార్. లేబుళ్లు మీ ముందటనే రాసిన," అంది. అప్పుడే ఆమె ఉద్యోగం పొడిగింపు కాగితం నా బల్ల మీదికొచ్చింది. "పనిలో జాగ్రత్త లేదు" అని రాశాను. పొడిగించలేదు.

ఆమె ఆఖరి వారంలో ఫ్రిజ్ మీద కళ్ళజోడు తడుముకుంటుంటే దాని పైభాగం అరచేతికి వెచ్చగా తగిలింది. థర్మామీటరు పెట్టాను. ముప్పై ఏడు దాటింది. మర్నాడు నేనే పరీక్ష చేసి, గొట్టాలను నేరుగా ఐసులో పెట్టాను. ముప్పై డిగ్రీలవి రంగెక్కలేదు.

ఆ సాయంత్రమే సరిత అనుభవ పత్రం మీద సంతకానికి వచ్చింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకు చేరిందట. "తప్పు యాడ జరిగిందో ఇంక సమజైతలేదు సార్. మీకేమన్న తెలిసిందా?" అనడిగింది.

"లేదమ్మా," అని సంతకం పెట్టాను.

డైరెక్టరు గారి గది నా గదికి రెండు తలుపుల అవతల. నిజం చెప్పడానికి వెళ్ళలేదు. ఏడాదికి ఆ ఫలితాలు వ్యాసంగా వచ్చాయి. కృతజ్ఞతల వరసలో కూడా ఆమె పేరు వేయలేదు. వేస్తే ఎందుకు మానేసిందని ఎవరైనా అడుగుతారని భయం.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. నమూనా ఆగిన ప్రతి చోటా వేడి కొలిచి నోటుబుక్కులో రాయండి. అక్కడ పెట్టిన మనిషి పేరు కూడా రాయండి, ఆ మనిషి మీ పైఅధికారి అయితే మరీ తప్పకుండా.